అమెరికా, లండన్ డీవీడీలు ఇంట్లో ప్లేయర్‌లో ఆడట్లేదు, హెల్ప్ ప్లీజ్

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే అండి. మా నాన్నగారు జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, అడవి జంతువుల డాక్యుమెంటరీలంటే ప్రాణం ఆయనకి. అక్కావాళ్ళు డల్లాస్ నుంచి వస్తూ ఒక బాక్స్ సెట్ తెచ్చారు, లండన్‌లో ఉండే బాబాయ్ ఇంకో సెట్ పంపించాడు. కాకినాడలో మా ఇంటి ప్లేయర్‌లో ఏది పెట్టినా రాంగ్ రీజియన్ అని చూపించి ఆగిపోతోంది. విచిత్రం ఏంటంటే అక్కావాళ్ళ గృహప్రవేశం డిస్క్, అక్కడి వీడియో ఆయన రైట్ చేసి ఇచ్చింది, అది మాత్రం ఆడుతోంది కానీ రంగుల్లేకుండా బ్లాక్ అండ్ వైట్‌లో, పైగా బొమ్మ పైకీ కిందకీ దొర్లుతోంది. డిస్కుల మీద ఒక్క గీత లేదు. టీవీ పాత డబ్బా టీవీ, నాన్నగారు దాన్ని మార్చనివ్వరు. రోజూ ఆ బాక్స్ తీసి అట్ట మీద బొమ్మలు చూసి మళ్ళీ పెట్టేస్తున్నారు, చూడలేకపోతున్నా. ఎవరైనా చెప్పండి.

పాత_క్యాసెట్:
మీ ప్లేయరూ బానే ఉంది డిస్కులూ బానే ఉన్నాయి, కంగారు పడకండి. ఇక్కడ రెండు వేరు వేరు గొడవలున్నాయి, చాలామంది రెంటినీ కలిపేసి కొత్త ప్లేయర్ కొనేస్తారు. మొదటిది రీజియన్ కోడ్. సినిమా కంపెనీలు ఒక్కో దేశంలో ఒక్కో టైంలో ఒక్కో రేటుకి అమ్ముకోడానికి ప్రపంచాన్ని ముక్కలు చేసి పెట్టుకున్నాయి, అమెరికా కెనడా 1, యూరప్ జపాన్ 2, ఆస్ట్రేలియా 4, మన ఇండియా 5, చైనా 6. డబ్బు పెట్టి కొనుక్కున్న డిస్క్‌ని మనింట్లో మనం చూసుకోడానికి ఈ తాళమేంటో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అట్ట వెనకాల చిన్న గ్లోబు బొమ్మలో అంకె ఉంటుంది చూడండి. అన్ని రీజియన్లకీ అన్నట్టు ఉంటే ఎక్కడైనా ఆడుతుంది, అమెరికాలో అమ్మిన మన తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు అలాంటివే.

రెండోది టీవీ సిస్టం, అంటే బొమ్మని సిగ్నల్‌గా టీవీకి పంపే పద్ధతి. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ, మనదీ లండన్‌దీ పాల్. వాళ్ళది 480 లైన్లు సెకనుకి దాదాపు 30 ఫ్రేములు, మనది 576 లైన్లు 25 ఫ్రేములు. గృహప్రవేశం డిస్క్ ఇంట్లో రైట్ చేసింది కాబట్టి దానికి రీజియన్ తాళం లేదు, అందుకే ఆడింది, కానీ సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీ కాబట్టి మీ పాత టీవీ రంగు పట్టుకోలేకపోయింది, బొమ్మ దొర్లడం కూడా అందుకే.

ప్లానో_తెలుగోడు:
సింపుల్‌గా మీ అక్కావాళ్ళని ఇక్కణ్ణుంచి ఒక ప్లేయర్ తెమ్మనండి బ్రో, ఇక్కడ చాలా చీప్, ఇక్కడి డిస్కులకి ఇక్కడి ప్లేయరే కరెక్ట్.

పాత_క్యాసెట్:
@ప్లానో_తెలుగోడు వద్దండీ. అక్కడ కరెంటు 120 వోల్టులు ఇక్కడ 230, వెనకాల 100-240 అని రాసి లేకపోతే ప్లగ్గు పెట్టగానే పోతుంది. అక్కడ అమ్మే ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కులు ఆడవు కూడా, అప్పుడు లండన్ సెట్ మూలన పడేయాల్సిందే. పైగా ఈ పాత టీవీకి అది మళ్ళీ ఎన్‌టీఎస్‌సీ సిగ్నలే పంపిస్తుంది.

కోఠి_సర్వీస్:
అన్నా నేను రిపేర్ లైన్‌లో ఉన్నా. ముందు ప్లేయర్ మోడల్ నంబర్ వెనకాల స్టిక్కర్ మీద చూసి, దానికి రీజియన్ ఫ్రీ కోడ్ ఉందేమో నెట్‌లో వెతుకు. చాలా ప్లేయర్లకి రిమోట్‌తోనే అయిపోతది, ట్రే ఓపెన్ చేసి సెటప్‌లోకి పోయి కొన్ని అంకెలు కొడితే దాచిపెట్టిన మెనూ వస్తది, అండ్ల 0 గానీ 9 గానీ పెడితే అన్ని రీజియన్లు ఆడ్తయ్. మోడల్ మోడల్‌కి కోడ్ వేరే, పక్కింటోళ్ళ కోడ్ కొట్టకు. గదే సెటప్‌లో టీవీ టైప్ అని ఉంటది, దాన్ని పాల్ చెయ్, ప్లేయరే మార్చి పంపిస్తది, కలర్ వస్తది. ఇంకోటి, కంప్యూటర్‌లో పెట్టినప్పుడు రీజియన్ మార్చమంటావా అని అడిగితే ఎస్ కొట్టకు. డ్రైవ్‌కి 5 సార్లే చాన్స్, తర్వాత అక్కడే లాక్, విండోస్ మళ్ళీ వేసినా పోదు ఎందుకంటే అది డ్రైవ్ లోపలే రాసుకుంటది. వీఎల్‌సీ అని వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్ ఉంటది, అండ్ల పెడితే చాలా డ్రైవ్‌లల్ల అసలు అడగకుండనే ఆడ్తది.

గోదారి_గట్టు:
అన్నా థాంక్యూ సో మచ్!! కోడ్ దొరికింది, అమెరికా సెట్ లండన్ సెట్ రెండూ ఆడుతున్నాయి, టీవీ టైప్ పాల్ పెట్టాక గృహప్రవేశం కూడా రంగుల్లో వచ్చింది, అమ్మ అయితే మనవరాలి పట్టులంగా రంగు ఇప్పుడు తెలిసిందంటోంది. ఒక్క డౌట్, బాక్స్‌లో నీలం కేసులో ఇంకో డిస్క్ ఉంది, అది పెడితే నో డిస్క్ అంటోంది. దానికి వేరే కోడ్ ఉందా?

పాత_క్యాసెట్:
నీలం కేసంటే అది బ్లూరే అయ్యుంటుంది, డీవీడీలాగే కనిపించినా వేరే రకం డిస్క్, డీవీడీ ప్లేయర్ లేజర్ దాన్ని చదవలేదు, ఏ కోడూ పనిచెయ్యదు. బ్లూరే ప్లేయర్ కొనే ఆలోచన ఉంటే ఒక్క విషయం, వాటి రీజియన్లు వేరు, అమెరికా ఏ, యూరప్ బీ, మనది సీ. అన్ని రీజియన్ల డీవీడీలూ ఆడుతుందని షాపువాడు చెప్తే బ్లూరే సంగతి విడిగా అడగండి, ఆ డిస్క్ చేతిలో పట్టుకెళ్ళి అక్కడే ఆడించి చూసి కొనండి. మీ డబ్బా టీవీకి పెట్టాలంటే వెనకాల పసుపు ఎరుపు తెలుపు పిన్నులున్న ప్లేయర్ కావాలి, కొత్తవాటిలో చాలావాటికి కొత్త టీవీలకి పెట్టే హెచ్‌డీఎంఐ కేబుల్ పిన్ను ఒక్కటే ఉంటుంది, అది కూడా చూసుకోండి.