రెజ్యూమె సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్, ఇటాలిక్, బుల్లెట్లు ఎంతవరకు ఇవ్వాలి?

జిరాక్స్‌షాపు_మేనల్లుడు:

కాకినాడలో మా మావయ్యకి జిరాక్స్, డీటీపీ షాపుంది. కాలేజీ పిల్లలు రెజ్యూమె చేయించుకోడానికి వస్తుంటారు. ప్రతిసారీ పాత వర్డ్ ఫైలు తెరిచి పేరు మార్చడం, ముందువాడి నాన్నగారి పేరు మార్చడం మర్చిపోయి తిట్లు తినడం! ఈ గోల ఎందుకని నేనే ఓ చిన్న వెబ్ అప్లికేషన్ రాశాను. ఫారం నింపితే వర్డ్ ఫైలు, పీడీఎఫ్ రెండూ వస్తాయి. వెనక జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సరంజామా), వర్డ్‌కి పైథాన్-డాక్స్ (వర్డ్ ఫైళ్లు తయారుచేసే లైబ్రరీ), పీడీఎఫ్‌కి లాటెక్ (గుర్తులతో రాసిన మేటర్‌ని పేజీగా పేర్చే సాఫ్ట్‌వేర్).

మొన్నటిదాకా అన్నీ మామూలు టెక్స్ట్ బాక్సులే. "కంపెనీ పేరు బోల్డ్ చెయ్యి బాబూ" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఎడిటర్ లైబ్రరీ ఎందుకులే అని ఒక డివ్‌కి (వెబ్ పేజీలో ఓ డబ్బా) కంటెంట్‌ఎడిటబుల్ (అందులో నేరుగా టైపు చెయ్యనిచ్చే సెట్టింగు) పెట్టి, పైన మూడు బటన్లు తగిలించా: బోల్డ్, ఇటాలిక్, అండర్‌లైన్. అందులోంచి వచ్చే హెచ్‌టీఎంఎల్‌ని ఉన్నదున్నట్టు డేటాబేస్‌లో పడేశా. లాటెక్‌కి పంపేముందు రెగెక్స్‌తో (అక్షరాల నమూనాని వెతికి మార్చే పద్ధతి) ట్యాగులు మారుస్తున్నా. నవ్వకండి.

ఒకతను వర్డ్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేశాడు. ఆరు లైన్ల మేటర్‌కి స్క్రీన్ నిండా స్టైళ్లు వచ్చిపడ్డాయి. బుల్లెట్లనుకున్నవి అసలు లిస్టే కాదు, మామూలు పేరాల ముందు సింబల్ ఫాంట్‌లో ఓ చుక్క. పీడీఎఫ్‌లో చుక్కలన్నీ డబ్బాలయ్యాయి.

దీనికంటే ఘోరం ఇంకోటి. ఒకమ్మాయి "బీటెక్ 78%, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్" అని రాసింది. పీడీఎఫ్‌లో "బీటెక్ 78" దగ్గర ఆగిపోయింది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. పది కాపీలు ప్రింట్ తీసుకుని వెళ్లిపోయింది కూడా. సాయంత్రం వాళ్ల నాన్న షాపుకొచ్చాడు.

మావయ్యేమో "ఎత్తెయ్ రా ఆ బటన్లు" అంటున్నాడు. ఎత్తెయ్యనా? ఎత్తెయ్యకుండా దారుందా?

రాత్రిపాళీ_కోడర్:

తమ్ముడూ, బటన్ల తప్పేం లేదు. నువ్వు దాచిపెట్టిన సరుకు తప్పు. హెచ్‌టీఎంఎల్ బ్రౌజర్‌కి అర్థమయ్యే భాష. వర్డ్‌దీ, లాటెక్‌దీ వేరే భాషలు. నువ్వు ఒకదాన్నే మూలం చేసుకుని మిగతా రెండింటికీ రెగెక్స్‌తో దుబాసీ పని చేయిస్తున్నావు.

టిప్‌ట్యాప్ అనే రెడీమేడ్ ఎడిటర్ పెట్టు, అది ప్రోజ్‌మిర్రర్ అనే ఎడిటర్ లైబ్రరీ మీద కట్టింది. హెచ్‌టీఎంఎల్ బదులు జేసన్ (డేటాని పేర్లు పెట్టి విడివిడిగా రాసే పద్ధతి) తీసుకోవచ్చు. అందులో ఉండేది ఇంతే: పేరా, దాంట్లో అక్షరాల ముక్కలు, ఏ ముక్కకి ఏ గుర్తు ఉందో. పేరా, బుల్లెట్ లిస్టు, బోల్డ్, లింకు మాత్రమే ఒప్పుకునేలా స్కీమా (ఏవేవి ఉండొచ్చో చెప్పే జాబితా) రాయి. పేస్ట్ చేసినప్పుడు స్కీమాలో లేని రంగులు, ఫాంట్లు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. వర్డ్ చుక్కలు మాత్రం ఉత్త అక్షరాలు కాబట్టి లోపలికి వచ్చేస్తాయి. వాటిని పట్టుకుని నిజం లిస్టుగా మార్చే నాలుగు లైన్లు నువ్వే రాసుకోవాలి.

వర్డ్ వైపు ఇది హాయిగా కుదురుతుంది. పైథాన్-డాక్స్‌లో పేరాకి ఒక్కో ముక్కా ఒక్కో రన్‌గా కలుపుతావు, బోల్డ్ గుర్తుంటే ఆ రన్‌కి బోల్డ్ ట్రూ అంటావు. అయిపోయింది.

ఇక ఆ 78% సంగతి. లాటెక్‌లో శాతం గుర్తు వస్తే అక్కణ్ణుంచి ఆ లైను చివరిదాకా కామెంటే, అంటే దాన్ని చదవకుండా వదిలేస్తుంది. అందుకే ఎర్రర్ రాలేదు, డిస్టింక్షన్ నిశ్శబ్దంగా ఎగిరిపోయింది. &, #, $, _ లాంటివి కూడా ముందు బ్యాక్‌స్లాష్ లేకుండా పంపకూడదు. అయితే వరసగా రీప్లేస్‌లు పెట్టకు. ఒక రీప్లేస్ పెట్టిన బ్యాక్‌స్లాష్‌ని తర్వాతిది పట్టుకుని మళ్లీ మార్చేస్తుంది. నేనొకసారి రెండు రోజులు పోగొట్టుకున్నా దీనికి. ఒక పట్టిక పెట్టుకుని ఒక్కో అక్షరాన్నీ ఒకే దఫాలో మార్చు.

ఇటాలిక్ తీసెయ్. తెలుగు రెజ్యూమెలు కూడా వస్తాయి కదా, నోటో సాన్స్ తెలుగు ఫాంటులో ఇటాలిక్ రూపమే లేదు. వర్డ్ ఉన్న అక్షరాన్నే పక్కకి వంచి చూపిస్తుంది, లాటెక్‌లో తెలుగుకి వాడే జీలాటెక్‌కి ప్రత్యేకంగా చెప్పకపోతే నిటారుగానే వదిలేస్తుంది. ఒకే మనిషి రెజ్యూమె రెండు ఫైళ్లలో రెండు రకాలుగా ఉంటుంది.

పాత హెచ్‌టీఎంఎల్‌ని బ్రౌజర్‌లో చూపిస్తున్నావా? ముందు సర్వర్‌లో ఎన్‌హెచ్3 అనే లైబ్రరీతో కడుగు, అంటే ప్రమాదకరమైన కోడ్ తీసెయ్. అదే పని చేసే బ్లీచ్ లైబ్రరీ వాడమని పాత సలహాలు కనిపిస్తాయి, దాన్ని 2023లోనే పక్కన పెట్టేశారు.

పేజ్‌మేకర్_కాలం_మనిషి:

నాకు కోడింగ్ రాదు బాబూ, ఇరవై ఏళ్లు డీటీపీ చేశాను. "కంపెనీ పేరు బోల్డ్ చెయ్యి" అని జనం ఎందుకు అడుగుతున్నారో చూశావా? నీ ఫారంలో కంపెనీ పేరుకి వేరే డబ్బా లేదు గనక. కంపెనీ, హోదా, తేదీలు, ఊరు తలా ఒక డబ్బా పెట్టు. బోల్డ్ సంగతి టెంప్లేటే చూసుకుంటుంది. మార్కులకి ఇంకో డబ్బా. చివర డిక్లరేషన్ పేరా, స్థలం, తేదీ, సంతకం ఎవడూ టైపు చెయ్యక్కర్లేకుండా నువ్వే పడెయ్. అప్పుడు బోల్డ్ బటన్ నొక్కేవాడు పదిమందిలో ఒకడుంటే గొప్ప.

ఇంకో మాట. తెలుగు పండిట్ పోస్టులవాళ్లు పాత అను ఫాంట్ల మేటర్ తెచ్చి పేస్ట్ చేస్తారు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల కోడ్) కాదు, నీ డబ్బాలో పిచ్చి గుర్తులై కనిపిస్తుంది. నీ ఎడిటర్ పాడైందనుకుని నీ మీదే పడతారు. ముందే కన్వర్టర్‌లో వేసి మార్చమను.

రెజ్యూమెలు_వడబోసే_అక్క:

మా ఆఫీసులో రెజ్యూమెని ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. పీడీఎఫ్ తయారయ్యాక దాన్ని పీడీఎఫ్‌టుటెక్స్ట్ అనే టూల్‌తో తిరిగి మామూలు అక్షరాలుగా తీసి చూడు. ఫారంలో రాసినదంతా అందులో అదే వరసలో కనిపించాలి. ఈ పని నీ ప్రోగ్రామ్ చేతే చేయించి ఉంటే ఆ డిస్టింక్షన్ ప్రింటుకి ముందే దొరికిపోయేది. రెండు నిలువు వరసల డిజైన్లు మాత్రం పెట్టకు తమ్ముడూ. చూడ్డానికి బావుంటాయి, తీసి చూస్తే అడ్రసు మధ్యలో అనుభవం దూరుతుంది.

జిరాక్స్‌షాపు_మేనల్లుడు:

అందరికీ థాంక్స్. పెద్దాయన చెప్పినట్టు ముందు డబ్బాలు విడగొట్టా, ఆ తర్వాతే టిప్‌ట్యాప్ పెట్టా. వారం నుంచి నడుస్తోంది. నిన్నటి పదకొండు రెజ్యూమెల్లో బోల్డ్ వాడింది ఇద్దరు. అక్క చెప్పిన పరీక్ష నిన్ననే ఒకటి పట్టుకుంది: ఒకతను "ఆర్&డీ" అని రాశాడు, పట్టికలో & పెట్టడం నేనే మర్చిపోయా. మొదటి 78% అమ్మాయికి పది కాపీలూ కలర్‌లో ఫ్రీగా తీసిచ్చాం.

ఒకటే మిగిలింది. అండర్‌లైన్ బటన్ ఏదిరా అని మావయ్య పొద్దున్నుంచీ అడుగుతున్నాడు. ఆయనకి హెడ్డింగ్ కింద గీత లేకపోతే అది రెజ్యూమె కాదు. టెంప్లేట్‌లోనే గీత పెట్టేస్తున్నా.