యూస్టన్ తవ్వకంలో ఫ్లిండర్స్‌ను ఎలా గుర్తుపట్టారు?

ప్రశ్న: లండన్‌లో యూస్టన్ స్టేషన్ దగ్గర హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైల్వే కోసం సెయింట్ జేమ్స్ శ్మశానం తవ్వారు కదా. వేలాది సమాధుల్లో ఆస్ట్రేలియా చుట్టూ ఓడలో తిరిగి పటం గీసిన, 1814లో చనిపోయిన మాథ్యూ ఫ్లిండర్స్ ఈయనేనని ఎలా తేల్చారండీ? సమాధి రాయి ఎప్పుడో పోయిందిగా?

జవాబు: శవపేటిక మీది పేరు రేకుతో. అది సీసం కాబట్టి నిలిచింది. తగరం రేకులైతే మట్టిలో తినేసుకుపోయి, అక్షరాలు మిగలవు. 2019 జనవరిలో ప్రకటించారు.

మరో జవాబు: రేకు దొరికితే చాలదండీ. తవ్వే యంత్రానికి పళ్లులేని బకెట్ పెట్టి పైమట్టిని పల్చగా గీకి, సమాధి గుంత అంచు కనబడగానే యంత్రం ఆపాలి. ఒకే గుంతలో పేటికలు ఒకదానిమీదొకటి ఉంటాయి. మూత కుళ్లితే రేకు పక్కకో కిందికో జారుతుంది. రేకును ఎత్తే ముందే అది ఎంత లోతులో ఉందో కొలిచి, ఫొటో తీసి, అస్థిపంజరం నంబరుతో కలపాలి. లేకపోతే పైవాడి పేరు కిందివాడికి అంటుకుంటుంది!

ప్రశ్న అడిగినవారు: అస్థికలు ఇప్పుడెక్కడ?

జవాబు: 2024 జులైలో సొంతూరు డోనింగ్టన్ చర్చిలో పూడ్చారు.