ఆల్బస్, ఆల్బా, ఆల్బమ్: ఒకే మాటకి ఇన్ని తోకలెందుకు?

హోమియో స్టూడెంట్:
మా మందుల లాటిన్ పేర్లలో ఆర్సెనికం ఆల్బమ్, వెరాట్రం ఆల్బమ్ అంటారు. బ్రయోనియా దగ్గరికొచ్చేసరికి ఆల్బా అంటారు. అన్నిటికీ అర్థం తెలుపేనని సార్ చెప్పారు. మరి ఈ తేడా దేనికి? (మందు పనిచేస్తుందా లేదా అన్న గొడవ మాత్రం ఇక్కడ వద్దు. 2020లో ఆర్సెనికం ఆల్బమ్ 30 పంచినప్పుడే అందరం కావలసినంత కొట్టుకున్నాం.)

ఇంటర్ సంస్కృతం:
శ్వేతః అశ్వః, శ్వేతా మాలా, శ్వేతం పుష్పం గుర్తున్నాయా? ఇదీ అంతే. ఆల్బస్ పుంలింగం, ఆల్బా స్త్రీలింగం, ఆల్బమ్ నపుంసకలింగం. పక్కనున్న నామవాచకం ఏ లింగమో, ఏ వచనమో, ఏ విభక్తో విశేషణం కూడా దాన్నే అనుసరిస్తుంది. లాటిన్, సంస్కృతం ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబానివి కాబట్టి ఈ పోలిక కాకతాళీయం కాదు. ఆర్సెనికం నపుంసకం, బ్రయోనియా స్త్రీలింగం. మన తెలుగువాళ్లకి ఈ టెన్షన్ లేదు: తెల్ల గుర్రం, తెల్ల చీర, తెల్ల పువ్వు.

బోటనీ మేడమ్:
ఆ సూత్రం ఒక్కటే పట్టుకుంటే మల్బరీ దగ్గర బోల్తా పడతారు. పట్టుపురుగులకి మేపే మల్బరీ పేరు మోరస్ ఆల్బా. మోరస్ చివర ‘అస్’ ఉంది కదా, మోరస్ ఆల్బస్ కావాలి కదా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. లాటిన్‌లో చెట్ల పేర్లు చాలావరకు స్త్రీలింగమే, చివర ‘అస్’ ఉన్నా సరే. తెల్ల ఓక్ కూడా అంతే, క్వెర్కస్ ఆల్బా. కాబట్టి తోక చూసి లింగం చెప్పకండి, నామవాచకంతో పాటే లింగాన్నీ బట్టీ పట్టాలి.

మరి శ్రీగంధం చెట్టే కదా, శాంటాలమ్ ఆల్బమ్ ఎందుకైంది అంటారా? శాంటాలమ్ తర్వాతి కాలపు లాటిన్ మాట, నపుంసకం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరు పెట్టేటప్పుడు లింగం చూసుకునే పెట్టాడు.

డిసెక్షన్ హాల్:
అనాటమీలోనూ ఇవి దొరుకుతాయి. పొట్ట మధ్యలో, రొమ్ము ఎముక కింది కొస నుంచి కటి ఎముక దాకా దిగే తెల్లటి గీత లీనియా ఆల్బా. అక్కడ కండ లేదు, రక్తనాళాలూ తక్కువ. అందుకే సర్జన్లు చాలాసార్లు అక్కడే కోస్తారు. పుంలింగం కావాలంటే రామస్ కమ్యూనికాన్స్ ఆల్బస్, అదొక నరం శాఖ. రక్తపరీక్ష రిపోర్టులో కనిపించే ఆల్బుమిన్ కూడా ఈ వేరు నుంచి వచ్చిందే. లాటిన్‌లో ఆల్బుమెన్ అంటే గుడ్డులోని తెల్లసొన.

పాత కాగితాలు:
మరి పెళ్లి ఆల్బమ్ సంగతి? రోమ్‌లో సున్నం పూసిన తెల్ల బోర్డుని ఆల్బమ్ అనేవాళ్లు. న్యాయాధికారి ప్రేటర్ తన ఉత్తర్వులు దానిమీదే రాయించి జనం చూసేచోట పెట్టేవాడు. కావాలని దాన్ని చెరిపితే కేసే, ఆ నేరానికి విడిగా ఒక చట్టపు పేరు కూడా ఉండేది. 16వ శతాబ్దంలో జర్మన్ విద్యార్థులు గురువుల చేత, స్నేహితుల చేత నాలుగు మాటలు రాయించుకునే పుస్తకానికి ‘ఆల్బమ్ అమికోరమ్’ అని పేరు పెట్టుకున్నారు. డిగ్రీ చివర్లో మనం తిప్పే ఆటోగ్రాఫ్ పుస్తకమే అది! తర్వాత ఫొటోల పుస్తకం వచ్చింది. 78 ఆర్‌పీఎం రికార్డుల్ని కూడా అలాంటి పుస్తకాల్లోనే పెట్టి అమ్మేవాళ్లు కాబట్టి పాటలకీ ఆ పేరు అంటుకుంది.

మిలాన్ నుంచి:
ఇక్కడ ఇటాలియన్‌లో తెలుపంటే బియాంకో. అది జర్మానిక్ భాషల నుంచి వచ్చి ఆల్బస్‌ని పక్కకి నెట్టేసింది. రొమేనియన్‌లో మాత్రం ఇప్పటికీ ఆల్బ్ అనే అంటారు. ఇటాలియన్‌లో ఆల్బా మిగిలింది గానీ దాని అర్థం తెల్లవారడం. ‘తెల్లారింది’ అనే మనకి వేరే వివరణ అక్కర్లేదు.

హోమియో స్టూడెంట్:
అందరికీ థాంక్స్. ఇంకొకటి, కాండిదస్ అన్నా తెలుపేనట కదా?

ఇంటర్ సంస్కృతం:
తెలుపే, కానీ మెరిసే తెలుపు. ఆల్బస్‌కి మెరుపు లేదు. నలుపులోనూ ఇలాగే జంట ఉంది: మెరుపు లేనిది ఆతెర్, నిగనిగలాడేది నిగెర్. ఎన్నికల్లో నిలబడే రోమన్లు సుద్ద రుద్దిన తళతళలాడే టోగా (రోమన్ల పైవస్త్రం) కట్టుకుని ఓట్లడిగేవాళ్లు, వాళ్లనే కాండిదాటస్ అన్నారు. క్యాండిడేట్ అక్కడి నుంచే వచ్చింది. మన నాయకుల ఖద్దరు చొక్కాకి గంజి ఎందుకంటారని నన్నడక్కండి.

బోటనీ మేడమ్:
పరీక్షకి ముందు ఒక్క మాట. నపుంసక బహువచనంలో ఆల్బమ్ కాస్తా ఆల్బా అవుతుంది, అంటే అచ్చం స్త్రీలింగ ఏకవచనంలా ఉంటుంది. ఆల్బా కనపడగానే స్త్రీలింగమని రాసేయకుండా పక్క పదం చూడండి.