రక్త క్యాన్సర్ తగ్గినవారందరికీ ఏటా కిడ్నీ పరీక్ష తప్పనిసరి చేయాలా?

పాతఫైలు:
లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్స ముగిసి ఆరేళ్లయింది. ఎముక మజ్జలో జబ్బు జాడ లేదు. అప్పట్లో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు పెద్ద మోతాదులో ఎక్కించాక క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం, పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు) 0.8 నుంచి 2.6కు ఎగబాకి, మూడు వారాల్లో దిగింది. ఆ సంగతి నాతో సహా అందరూ మరిచిపోయారు. ఈమధ్య క్రియాటినిన్ 1.0 వస్తే ‘నార్మల్’ అన్నారు. పట్టుబట్టి కిడ్నీ పనితీరు చెప్పే మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష చేయించాను. సిస్టాటిన్ లెక్కన ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం, తక్కువగా 52, ఆల్బుమిన్ కూడా పోతోంది. నాలుగు నెలలు ఆగి మళ్లీ చేయించినా అంతే. డాక్టరుగారు మాత్రం ‘ప్రాణం దక్కింది, ఇదొక లెక్కా’ అన్నారు. నాకు లెక్కే. ప్రతివారికీ ఏటా ఈ పరీక్షలు చేయాలంటాను. కాదనేవారు చెప్పండి.

తేటనీరు:
నేను కాదంటాను. నాది లింఫోమా, ఒకసారి తిరగబెట్టి తగ్గింది. పదకొండేళ్లయింది. రిపోర్టు వచ్చేదాకా నిద్ర ఉండదు. వచ్చాక ఏదో ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు, దాని వెనక మరో పరీక్ష. జబ్బు వదిలినా ఆసుపత్రి వదలదన్నమాట! పైగా అందరినీ ఒకే గాటన కట్టడమేమిటి? విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు నరాలను బాధిస్తుంది గానీ కిడ్నీల జోలికి పెద్దగా పోదు. ‘అందరికీ’ అన్న మాటతోనే నా పేచీ.

వడపోత:
కిడ్నీ విభాగంలో పనిచేస్తాను. తేటనీరు గారి పేచీలో సగం న్యాయం ఉంది. ఏ మందు పడిందన్నదే అసలు ప్రశ్న. మూత్రం ఆమ్లంగా ఉంటే మెథోట్రెక్సేట్ కిడ్నీలోని సన్నని నాళికల్లో స్ఫటికాలు కడుతుంది. సోడియం బైకార్బొనేట్, సెలైన్ ఎక్కించేది అందుకే. మూలకణ మార్పిడి జరిగినవారికి రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, ఒంటికంతా ఇచ్చిన రేడియేషన్ కిడ్నీకి తగులుతాయి. ఫంగస్ సోకితే ఇచ్చే ఆంఫోటెరిసిన్ దెబ్బ అదనం. ఐఫాస్ఫమైడ్ అనే కీమో మందుది మరీ దొంగ దెబ్బ: వడపోత బాగానే కనిపిస్తుంది, నాళికలు మాత్రం ఫాస్ఫేటును, పొటాషియాన్ని జార్చేస్తుంటాయి.

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. చికిత్సలో కండ కరిగిపోయిన మనిషిలో అది తక్కువగానే ఉంటుంది, కిడ్నీ సగం చేతులెత్తేసినా.

తేటనీరు:
సిస్టాటిన్ మాత్రం సత్యహరిశ్చంద్రుడా? స్టెరాయిడ్లు వాడుతున్నా, థైరాయిడ్ తేడాగా ఉన్నా అదీ మారుతుంది కదా.

పాతఫైలు:
స్టెరాయిడ్లు ఆపి ఆరేళ్లు, థైరాయిడ్ సవ్యంగా ఉంది. మూత్రంలో ఆల్బుమిన్ కూడా అబద్ధమేనా?

నాన్నకు మైలోమా:
ఎంతసేపూ మందులనే తిడుతున్నారు. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌లో జబ్బే కిడ్నీని తినేస్తుంది. ఆ కణాలు వదిలే తేలిక గొలుసుల ప్రోటీన్లు నాళికల్లో మూత్రంలోని మరో ప్రోటీనుతో కలిసి అచ్చు పోసినట్టు గట్టిపడతాయి. నాన్నగారు డయాలసిస్‌తో మొదలుపెట్టి, మైలోమా మందు బోర్టెజోమిబ్ పనిచేశాక దాని నుంచి బయటపడ్డారు. ఈజీఎఫ్ఆర్ 35 దగ్గర ఆగింది.

మమ్మల్ని దెబ్బతీసింది ఆ తర్వాత జరిగింది. మోకాలి నొప్పికి వేరే డాక్టరు డైక్లోఫెనాక్ రాశారు, బలహీనమైన కిడ్నీకి పడని నొప్పిమాత్ర. పాత కథ ఆయనకు తెలియదు, మేమూ చెప్పలేదు. ‘క్యాన్సర్ పోయింది’ అనుకున్నాం కాబట్టి చెప్పాలనే తోచలేదు. పది రోజుల్లో పాదాలు వాచాయి. నక్షత్రం గుర్తు చూసి భయపడటం కష్టమే తేటనీరు గారూ, కానీ మా భయం ముందే వచ్చి ఉంటే ఆ మాత్ర మింగేవారు కాదు.

వడపోత:
ఆ డాక్టరునూ పూర్తిగా తప్పుపట్టలేం. చాలామంది దగ్గర వాడిన మందుల పట్టిక ఉండదు, డిశ్చార్జి కాగితంలో ‘కీమో ఆరు విడతలు’ అని ఒక్క ముక్క ఉంటుంది.

పాతఫైలు:
సరే, ‘ప్రతివారికీ’ అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కిడ్నీకి తగిలే మందు పడినవారికి, మార్పిడి జరిగినవారికి, మైలోమా వారికి, చికిత్సలో ఒక్కసారైనా క్రియాటినిన్ పెరిగినవారికి. వీరికి మాత్రం ఏటా చేయాల్సిందే. మూత్ర పరీక్షతో కలిపి.

తేటనీరు:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. తిరగబెట్టినప్పుడు నాకు ఇచ్చిన వాటిలో ఐఫాస్ఫమైడ్ ఉందా లేదా అన్నది ఇప్పుడు పట్టుకుంది. ఆ కాగితాలు బీరువాలో పైఅరలో ఉండాలి.