ఓపెన్ హార్డ్‌వేర్ బోర్డు ఫైల్స్ కైక్యాడ్‌లో (సర్క్యూట్ బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరుచుకోవట్లేదు, హెల్ప్ కావాలి

లైనక్స్ నడిచే చిన్న బోర్డు డిజైన్ తీసుకుని, హెచ్‌డీఎంఐ పీకేసి ఆర్‌ఎస్-485 (వైరుతో డేటా పంపే ఇండస్ట్రియల్ పోర్టు) పెట్టి సొంతంగా చేయించుకుందామని చూస్తున్నా. ముందు రాస్ప్‌బెర్రీ పై 4 చూశా, బయటికిచ్చింది కుదించిన స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) పీడీఎఫ్ మాత్రమే, పీసీబీ లేఅవుట్ (బోర్డు మీద భాగాలు, రాగి గీతలు ఎక్కడున్నాయో చూపే ఫైల్) లేదు, బూట్‌లో నడిచే స్టార్ట్4.ఎల్ఫ్ ఫర్మ్‌వేర్‌కి సోర్స్ కూడా లేదు. లైనక్స్ ఓపెన్ కాబట్టి బోర్డూ ఓపెనే అనుకుంటారు చాలామంది, అది కరెక్ట్ కాదు.

తర్వాత బీగల్‌బోన్ బ్లాక్ పట్టుకున్నా. స్కీమాటిక్, లేఅవుట్, పార్ట్‌ల లిస్టు అన్నీ పెట్టారు, దాని ప్రాసెసర్ ఏఎం3358 మాన్యువల్ కూడా దొరుకుతోంది, నిజంగా మెచ్చుకోవాలి. కానీ లేఅవుట్ అలెగ్రో (డబ్బులు పెట్టి కొనాల్సిన డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫార్మాట్‌లో ఉంది, నా కైక్యాడ్ 8 దాన్ని తీసుకోవట్లేదు, గెర్బర్లు (బోర్డు తయారీకి ఫ్యాక్టరీకి పంపే ఫైల్స్) తెరిస్తే గీతలు కనిపిస్తున్నాయి గానీ ఏ ట్రాక్ ఏ నెట్టో (ఏ కనెక్షన్‌దో) తెలియట్లేదు, అలా డీడీఆర్3 మెమరీ గీతల దగ్గర చెయ్యి పెట్టలేం కదా. అలెగ్రో లైసెన్స్ కొనే స్తోమత లేదు.

డీడీఆర్ రూటింగ్‌తో సహా మొత్తం డిజైన్ కైక్యాడ్‌లోనే దొరికే లైనక్స్ బోర్డుల్లో, మీరు చేయించి బూట్ చేసింది ఏదైనా ఉంటే చెప్తారా?