డీప్ ఫ్లాప్ తర్వాత ఐదో వారం: స్పర్శ, చీరకట్టు, బరువు పనులు

కృష్ణాతీరం
అక్కకు 46 ఏళ్ళు. కుడి రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో పొట్ట కింది చర్మం, కొవ్వుతో కొత్త రొమ్ము కట్టారు, ఆ ముక్కనే డీప్ ఫ్లాప్ అంటారట. చంకలో గ్రంథులు కూడా తీశారు. గాయాలు మానాయి, డ్రెయిన్లు (నీరు బయటికి తీసే గొట్టాలు) తీసేశారు. రొమ్ము మీద చెయ్యి వేస్తే ఏమీ తెలియడం లేదంటోంది. స్పర్శ తిరిగొస్తుందా? చీర ఎప్పుడు కట్టుకోవచ్చు? బిందె ఎప్పుడు ఎత్తొచ్చు?

వార్డు_నర్సు
స్పర్శ సంగతి ముందు చెప్తానండీ, ప్రమాదం అక్కడే ఉంది. రొమ్ము తీసేటప్పుడు చర్మానికి వచ్చే నరాలు తెగిపోతాయి. ఫ్లాప్ రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద కలిపి కుడతారు గానీ, నరాలను కలపడం అన్నిచోట్లా జరగదు. నెలలు గడిచేకొద్దీ అంచుల నుంచి కొంత రావచ్చు. మునుపటిలా వస్తుందని మాత్రం ఆశ పెట్టకండి.

నొప్పి తెలియని చర్మం కాలినా తెలియదు. వేడినీళ్ళ సంచి, కాపడం, హీటింగ్ ప్యాడ్ వద్దే వద్దు, ఐసు కూడా వద్దు. స్నానం నీళ్ళ వేడి ఎడమచేత్తో చూసుకోవాలి. తాలింపు నూనె చింది రవిక మీద పడినా గమనించకపోవచ్చు, అందుకే రాత్రి బట్టలు మార్చుకునేటప్పుడు అద్దంలో ఒకసారి చూసుకోమనండి. బొడ్డు కింద కుట్టు చుట్టూ కూడా ఇంతే.

ఫిజియో_హనుమకొండ
ఆరు వారాల దాకా రెండు మూడు కిలోలు మించి ఎత్తకూడదు. నిండు బిందె పది కిలోల పైమాటే. డీప్ ఫ్లాప్‌లో పొట్ట కండరాన్ని తీసేయరు, కానీ రక్తనాళం కోసం దాని పైపొరను కోసి కుడతారు. తొందరపడి బరువెత్తితే అక్కడ పొట్ట ఉబ్బుకొస్తుంది. ఆరు వారాలయ్యాక కూడా సర్జన్ సరేనన్నాకే, కొద్దికొద్దిగా పెంచాలి.

చేతికి: గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించాలి, పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. అందిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే మెరుగు కనిపిస్తుంది. చంకలో దారంలా బిగుసుకుంటే మానేయకుండా ఫిజియోకు చూపించండి. కుడిచేతి గాజులు, ఉంగరం బిగుతయ్యాయంటే లింఫెడిమా (గ్రంథులు తీసిన వైపు చేతికి వచ్చే వాపు) మొదలవుతోందేమో చూపించాలి. బీపీ, సూదులు ఎడమచేతికే.

చీర కట్టుకోవచ్చు, చిక్కంతా లంగా నాడాతో. తుంటి నుంచి తుంటి దాకా ఉండే కుట్టు మీద అది ఒరుసుకుంటుంది. నాడా బదులు వెడల్పాటి ఎలాస్టిక్ వేయించి, కుట్టు మీద పడకుండా, దానికంటే ఎత్తులో కట్టుకోవాలి. రవికకు ముందు హుక్కులు, చంకలో వదులు ఉండాలి. వాపు తగ్గడానికి నెలలు పడుతుంది, కాబట్టి ఇప్పుడు రెండు రవికలు చాలు.

కృష్ణాతీరం
చాలా థాంక్సండీ. రొమ్ము పైభాగంలో గోలీ అంత గట్టిగా తగులుతోంది, అదేమిటి?

వార్డు_నర్సు
రక్తం సరిగా అందని కొవ్వు అలా గట్టిపడటం ఫ్లాప్‌లో తరచూ చూసేదే. అయినా చేత్తో తడిమి అదేనని తేల్చకూడదు. ఈ వారమే సర్జన్‌కు చూపించి అల్ట్రాసౌండ్ చేయించండి, అనుమానముంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రాస్తారు. ఎడమవైపు మామోగ్రామ్ ఏటా చేయించాల్సిందే.

వార్డు_నర్సు
ఇంకొకటి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళను అడగడానికి 2009లో వచ్చిన బ్రెస్ట్-క్యూ ప్రశ్నావళిలో రొమ్ము ఆకారంతో పాటు మనసు, దాంపత్యం గురించి కూడా అడుగుతారు. ఈ రెండూ డాక్టరుతో మాట్లాడదగ్గ విషయాలే, అక్కగారికి సిగ్గనిపిస్తే చీటీ మీద రాసి ఇవ్వమనండి.