‘టైమింగ్’ అన్నచోట తెలుగులో మనం ఏమంటాం?

‘టైమింగ్’కు తెలుగు ఏమిటన్న ప్రశ్నకు ఇంతవరకు సమయపాలన, సమయస్ఫూర్తి, కాలనిర్ణయం అని జవాబులు వచ్చాయి. అన్నీ మంచి మాటలే. కానీ ‘ఆ బ్యాటర్ సమయపాలన అద్భుతం’ అంటే అతను మైదానానికి ఆలస్యంగా రాడని అర్థమవుతుంది. బంతిని చక్కగా కొట్టాడని ఎవరికీ తట్టదు. పనిలో తలమునకలై ఉన్నప్పుడు ఫోన్ చేసినవాళ్లతో ‘నీ సమయస్ఫూర్తి బాగోలేదు’ అనలేం. కాబట్టి ఈ మాటను మనం నిజంగా ఎక్కడెక్కడ వాడుతున్నామో ముందు చూద్దాం.

ఎక్కువగా వినిపించేది బహువచనం: ఆఫీస్ టైమింగ్స్, బస్ టైమింగ్స్, డాక్టర్ గారి టైమింగ్స్. తెరిచే గంట, మూసే గంట, వచ్చే గంట, పోయే గంట. ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఇలాంటి చోట ‘అవర్స్’ అనో ‘టైమ్స్’ అనో అంటారు. ‘టైమింగ్స్’ మన దేశపు ఇంగ్లీషులో బలపడిన వాడుక. ఇక్కడ మాత్రం నా అభిప్రాయం గట్టిదే: తెలుగును వదులుకోవాల్సిన పనే లేదు. పనివేళలు, సందర్శన వేళలు, రాకపోకల వేళలు అని పత్రికలు ఎప్పటినుంచో రాస్తున్నాయి, చదివేవాళ్లందరికీ అర్థమవుతున్నాయి. ‘వేళలు మారాయి’ అని బోర్డు పెడితే ఎవరూ వచ్చి అర్థం అడగరు.

రెండోది ఆటల పేజీలో కనిపిస్తుంది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్ల పరుగును 9.58 సెకన్లలో ముగించాడు. దీన్ని ‘బోల్ట్ టైమింగ్ 9.58’ అని రాస్తుంటాం. నిజానికి అది పరుగుకు పట్టిన సమయం, అంటే వ్యవధి. అదే పరుగులో తుపాకి మోగాక అతను కదలడానికి 0.146 సెకను పట్టింది. సెకనులో పదో వంతుకన్నా ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్ కింద లెక్కిస్తారు. మొదటి అంకె ‘ఎంతసేపు’ అన్న ప్రశ్నకు జవాబు. రెండోదాని వెనక ఉన్నది ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న. టైమింగ్ అనే మాట ఈ రెండింటినీ కలిపేస్తోంది. తెలుగులో ఎంతసేపుకు వ్యవధి ఉంది, ఫలానా లోపు అన్నదానికి గడువు ఉంది. చిక్కంతా ‘ఎప్పుడు’ దగ్గరే.

ఆ ‘ఎప్పుడు’కు తెలుగులో మాటలు తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది. ఈ నాలుగు వాక్యాలు చూడండి. టైముకు వచ్చాడు. వేళకు వచ్చాడు. సమయానికి వచ్చాడు. అదను చూసి వచ్చాడు. వచ్చింది ఒకే మనిషి కావచ్చు, గడియారంలో ముళ్లు ఒకేచోట ఉండొచ్చు. అయినా నాలుగూ నాలుగు సంగతులు చెబుతున్నాయి. టైముకు రావడం అంటే చెప్పిన గంటకు రావడం. వేళకు రావడం అంటే రోజూ వచ్చే గంటకు రావడం, అందులో అలవాటు ఉంది. అందుకే ‘వేళకు తిను, వేళకు పడుకో’ అంటాం. ఆ అలవాటు తప్పితే ‘వేళాపాళా లేదు’ అంటాం. సమయానికి రావడం అంటే అవసరం ముంచుకొచ్చిన క్షణానికి రావడం. ఏ గంటకు వస్తానని అతను ఎవరికీ మాట ఇచ్చి ఉండకపోవచ్చు కూడా. అదను చూసి రావడంలో వచ్చినవాడి లెక్క ఏదో ఉంది.

సమయం గురించి ఇంకో సంగతి. సంస్కృతంలో ఈ మాటకు మూలార్థం కలిసి రావడం, కూడడం. దాన్నుంచే ఒప్పందం, కట్టుబాటు అన్న అర్థం కూడా వచ్చింది. కవులందరూ ఒప్పుకున్న సంప్రదాయాన్ని ‘కవిసమయం’ అంటున్నాం కదా, ఆ పాత అర్థం అక్కడ ఇప్పటికీ బతికే ఉంది. ఇక తెలుగువాళ్లు ‘కాలం కలిసొచ్చింది’ అంటారు. రెండు భాషలూ వేర్వేరు దారుల్లో నడిచి ఇదే ఊహ దగ్గరికి చేరడం నాకెంతో ఇష్టమైన విషయం. మంచి టైమింగ్ అన్నప్పుడు మనం చెప్పదలుచుకున్నదీ రెండు సంగతులు ఒకచోట కలవడమే.

అదనుకు కాస్త అన్యాయం జరిగిందని నా బాధ. ఇప్పుడు ‘అదను చూసి దెబ్బ కొట్టాడు’ అన్న వాడుకే ఎక్కువ వినిపించడంతో దానికి కపటం వాసన అంటుకుంది. అసలు అర్థం అనుకూలమైన కాలం, అంతే. సేద్యంలో అదునూ పదునూ అని జంటగా అంటారు. అదును కాలానికి సంబంధించింది, పదును నేల తడికి సంబంధించింది. విత్తనం వేయడానికి రెండూ కుదరాలి. భాస్కర శతకంలో ‘అదను దలంచి’ అని మొదలయ్యే పద్యం ఉంది. పాలకుడు అదను చూసి, ఆదరంగా అడిగితే ప్రజలు ఇవ్వాల్సింది తామే ఇస్తారు, కొట్టి తెమ్మంటే మొదటికే మోసం వస్తుంది, పొదుగు కోస్తే పాలు రావు, పితికితేనే వస్తాయి అని దాని భావం. ఇక్కడ అదను చూడటమంటే ఎదుటివాడి స్థితిని గమనించడం. ఇంత మంచి అర్థమున్న మాటను దెబ్బ కొట్టడానికే మిగిల్చుకోవడం సరికాదు. ‘అదను చూసి అడిగాను, ఒప్పుకున్నారు’ అని ధైర్యంగా వాడొచ్చు.

తరుణం కొంచెం బరువైన మాట. ‘మంచి తరుణం మించిన దొరకదు’ అన్న ప్రకటన వాక్యం దాన్ని బతికించింది కానీ మామూలు మాటల్లో తక్కువ. ముహూర్తం లెక్కప్రకారం రెండు గడియలు, అంటే 48 నిమిషాలు. ‘ఏ ముహూర్తాన మొదలుపెట్టామో గానీ’ అనేటప్పుడు ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు.

మాటకు సంబంధించిన టైమింగ్ గురించి మన భాషలో ఉన్న మంచి నిర్వచనం సుమతీ శతక పద్యమే అనుకుంటాను: ‘ఎప్పటికెయ్యది ప్రస్తుత మప్పటికా మాటలాడి’. చిన్నప్పుడు కంఠస్థం చేసి వదిలేస్తాం గానీ, ఇందులో ‘ప్రస్తుతం’ అన్న మాటను ఒకసారి గమనించండి. ఇవాళ దానికి ‘ఇప్పుడు’ అని మాత్రమే అర్థం మిగిలింది. పద్యంలో అది సందర్భానికి తగినది అన్న అర్థంలో ఉంది. ‘అప్రస్తుత ప్రసంగం’ అన్నప్పుడు ఆ అర్థం ఇంకా పనిచేస్తోంది. ‘సమయం సందర్భం లేకుండా మాట్లాడతాడు’ అని విసుక్కునేటప్పుడు చెప్పేదీ ఇదే. ఒకరి మాట టైమింగ్ గురించి రాయాల్సివస్తే ‘ఎప్పుడేం మాట్లాడాలో తెలిసినవాడు’ అంటే సరిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నామవాచకాలు. తెలుగు తన టైమింగ్‌ను అసలు దాచుకున్నది క్రియల్లో. నిఘంటువులో ఒక మాట ఎదురుగా ఇంకో మాట వెతికేవాళ్లకు ఇది కనిపించదు. గొడుగు మూయడం, వాన మొదలవడం అనే రెండు పనులు తీసుకోండి.

గొడుగు మూయగానే వాన మొదలైంది. ఇది వరస చెబుతోంది, మధ్యలో ఖాళీ లేదంటోంది. మూసేసరికి మొదలైంది అంటే మూయడం పూర్తయ్యే క్షణానికి వాన వచ్చేసి ఉందని. మూసేలోపే అంటే వానే ముందు. మూయబోతుండగా అంటే చెయ్యి గొడుగు మీద ఉంది గానీ పని ఇంకా మొదలుకాలేదు. మూసీ మూయకముందే అంటే పని జరిగిందో లేదో చెప్పలేనంత దగ్గరగా వాన వచ్చింది. ఒకే క్రియను ‘అవును’, ‘కాదు’ రూపాల్లో పక్కపక్కన పెట్టి, ఆ రెండింటి నడుమ సన్నని గీత మీద క్షణాన్ని నిలబెట్టడం ఇది. ‘ఇలా మూశానో లేదో, అలా మొదలైంది’ అన్నదీ అదే పని ఇంకో విధంగా చేస్తుంది. ఇంత తేడాను చెప్పడానికి మనకు విడిగా ‘టైమింగ్’ అన్న మాటే అవసరం పడలేదు.

చిన్న మాటల్లోనూ ఈ నేర్పు ఉంది. ‘అప్పుడే వచ్చేశావా?’ అంటే ఇంత తొందరగానా అని. ‘ఇప్పుడా రావడం?’ అంటే ఇంత ఆలస్యంగానా అని. రెండింట్లోనూ తొందర అనో ఆలస్యం అనో మాటే లేదు. ‘ఈపాటికి చేరి ఉంటారు’ అనేటప్పుడు మన అంచనా, గడిచిన కాలం రెండూ ఒక్క మాటలో ఇమిడాయి. ఇక ‘తీరా’ సంగతి మరీ ప్రత్యేకం. ‘తీరా వెళ్లి చూస్తే తలుపు తాళం వేసి ఉంది.’ ఈ మాట వినగానే, మిగతా వాక్యం పూర్తికాకముందే, ఏదో బెడిసికొట్టిందని వినేవాడికి తెలిసిపోతుంది. ఇంగ్లీషు కథను తెలుగు చేసేటప్పుడు ‘బ్యాడ్ టైమింగ్’ అనే మాట ఎదురైతే, దాన్ని పక్కనపెట్టి ముందు వాక్యాన్ని ‘తీరా’తో మొదలుపెట్టి చూడండి. చాలాసార్లు పని అయిపోతుంది. మంచి టైమింగ్ అయితే ‘సరిగ్గా వచ్చావు’, ‘సమయానికి వచ్చావు’ ఉన్నాయి. తలుచుకుంటుండగానే మనిషి వస్తే ‘నీకు నూరేళ్లు’ అంటాం.

సామెతల్లో ముందు తొందరపడటానికి ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’, మించిపోయాక మేలుకోవడానికి ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ ఉండనే ఉన్నాయి.

మరి టైమింగ్‌ను అలాగే ఉంచాల్సిన చోట్లు లేవా? ఉన్నాయి. అక్కడ పట్టుబట్టి మార్చడం భాషకు మేలు చేయదని నా నమ్మకం. క్రికెట్ సంగతే తీసుకోండి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటర్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. అందులో బంతి ఎక్కడ పడుతుందో చూసి, అడుగు వేసి, బ్యాట్‌ను సరైన కోణంలో సరైన క్షణానికి తేవాలి. అలా తెచ్చినప్పుడు బలం పెట్టకుండానే బంతి బౌండరీకి పోతుంది. ‘బాదలేదు, టైమ్ చేశాడు’ అనే వాక్యం ఇప్పుడు తెలుగు వాక్యమే. ఇక్కడ టైమింగ్ అంటే క్షణం కాదు, క్షణాన్ని అందుకునే నైపుణ్యం. వేళ, అదను, సమయం అన్నీ బయట ఉండే కాలాన్ని చెబుతాయి, మనిషి చేతిలో ఉండే ఈ గుణాన్ని చెప్పవు. టైమింగ్ మన భాషకు కొత్తగా తెచ్చిపెట్టింది ఏదైనా ఉంటే అది ఇదే.

మెకానిక్‌ల మాట కూడా అంతే. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరగాలి, వాల్వులు ఆ లెక్క ప్రకారం తెరుచుకుని మూసుకోవాలి. ఆ లెక్కను నిలబెట్టేది టైమింగ్ బెల్ట్ లేదా టైమింగ్ చైన్. పెట్రోల్ ఇంజిన్‌లో మామూలుగా పిస్టన్ పైకి పూర్తిగా చేరడానికి కొద్దిగా ముందే స్పార్క్ పడాలి, ఎందుకంటే మంట పూర్తిగా అంటుకోవడానికీ కొంత కాలం కావాలి. ‘టైమింగ్ తప్పింది’ అని మెకానిక్ అంటే ఇదంతా ఆ రెండు మాటల్లో ఉంది. దీనికి కొత్త మాట పుట్టించి ఎవరికి ఇస్తాం?

సంగీతం దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ టైమింగ్ అనడమే బీదతనం. లయ, తాళం, కాలప్రమాణం అని విడివిడిగా ఉన్నాయి. పాట, తాళం ఒకేసారి మొదలైతే సమగ్రహం, ముందువెనకలైతే విషమగ్రహం. ఆ విషమగ్రహంలోనూ అతీతం, అనాగతం అని రెండు రకాలు. గాయకుడు పల్లవిని తప్పకుండా తిరిగి పట్టుకుంటే ‘చక్కగా అందుకున్నాడు’ అంటాం. ఈ ‘అందుకోవడం’ నాటకానికీ వర్తిస్తుంది. ఒక నటుడి మాట ముగియగానే రెండోవాడు ఖాళీ పడనివ్వకుండా అందుకోవాలి. కామెడీ టైమింగ్ అంటున్నదాంట్లో సగం ఈ అందుకోవడం, మిగతా సగం మాట విరుపు, అంటే ఎక్కడ ఆగాలో తెలియడం. సినిమా సమీక్ష రాసేవాళ్లు ‘టైమింగ్ బాగుంది’ అని వదిలేయకుండా, అందుకోవడం బాగుందా, విరుపు బాగుందా అని రాస్తే చదివేవాడికి ఆ నటుడి గురించి నిజంగా ఏదో తెలుస్తుంది.

దారిలో తగిలిన ఇంకో సంగతి: సంస్కృతంలో ‘కాలజ్ఞ’ అంటే తగిన కాలం తెలిసినవాడు. నిఘంటువుల్లో దానికి కోడిపుంజు అన్న అర్థం కూడా ఉంది. మనకు మాత్రం కాలజ్ఞానం అనగానే జరగబోయేది చెప్పడమే గుర్తొస్తుంది.

చివరగా ఒక మాట గురించి మీ సాయం కావాలి. పాత పద్యాల్లో ‘తఱి’ అని తరచుగా వస్తుంది. కాలం, తగిన సమయం అని అర్థం. ‘ఆ తఱిని’ అంటే ఆ సమయంలో. బండి ‘ఱ’ పోయి ఇప్పుడు రాస్తే ‘తరి’ అవుతుంది. తరి పొలం అన్నప్పటి తరి ఇది కాదు, అది తడికి సంబంధించిన పారసీ మాట. కాలం అనే అర్థంలో ‘తరి’ని పెద్దవాళ్లు ఎవరైనా మామూలు మాటల్లో వాడగా మీరు విని ఉంటే, ఏ వాక్యంలో ఎలా అన్నారో ఆ వాక్యం మొత్తం రాయండి.